ఓనరు హక్కులు కంఠతా వచ్చిన మావ

మొన్న పొద్దున్న మా ఫ్యాక్టరీ గేటు దగ్గర నోటీసు బోర్డు కనిపించలేదు. బోర్డు ఎక్కడికీ పోలేదు, దాని ముందు జనం అలా ఉన్నారు. కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, వాటి ప్రకారం స్టాండింగ్ ఆర్డర్లు మారుతున్నాయని కంపెనీ కాగితాలు వరసగా అంటించింది. స్టాండింగ్ ఆర్డర్లంటే పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. పనివాడు ఏం చెయ్యాలి, ఏం చేస్తే తప్పు, యజమానికి ఏమేం హక్కులున్నాయి, ఇవన్నీ రాసిపెట్టుకున్న రూల్సు. కుర్రాళ్ళంతా ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీస్తున్నారు. చదివేవాడు ఒక్కడూ లేడు. నోరున్న ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న, "మనకేటొస్తాది? మనకేటొస్తాది?" అని.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నాకు త్వరగానే ఎత్తుకొస్తుంది లెండి, ఆ సంగతి మా షిఫ్టులో అందరికీ తెలుసు. "ముందు ఆలకేటొస్తాదో సదవండ్రా!" అని గేటు అదిరేలా అరిచాను.

అరిచాక ఒళ్ళు ఝల్లుమంది. ఆ మాట మావది! అచ్చంగా మావది, ఆ సాగదీత కూడా. మావ పోయి మూడేళ్ళవుతోంది. మూడేళ్ళుగా ఎక్కడ దాక్కుందో, నా నోట్లోంచి వచ్చి పడింది. ఇక ఆ రోజంతా నేను మనిషిని కాదు. ఖనిజం కరిగించే ఫర్నేసు దగ్గర నిలబడి నాలో నేను నవ్వుకుంటున్నాను, కళ్ళు తుడుచుకుంటున్నాను. మా హెల్పరు "వడదెబ్బేటి?" అని మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

ఆయన పేరు రాయను. రాస్తే "నా పేరు వాడటానికి నా పర్మిషనుందేటి?" అని అడిగే మనిషి. అందరికీ మావే. ఊడ్చేవాళ్ళకి మావ, క్యాంటీన్ వాళ్ళకి మావ. ఆఫీసర్లు ఎదురుగా "గారు" అని, ఆయన అటు తిరగ్గానే మావ అనేవారు. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి ఫర్నేసు వేడికి ముంజేతుల మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు, కనుబొమలు సగం సగమే. చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. గేటు లోపల దాన్ని వెలిగించగా చూసినవాడు లేడు. లోపల పొగ తాగకూడదని రూలుంది, చెవి మీద పెట్టుకోకూడదని లేదు, అదీ ఆయన లెక్క. చొక్కా జేబులో పాలప్యాకెట్టు కవరు చుట్టిన చిన్న పుస్తకం ఉండేది. అదే స్టాండింగ్ ఆర్డర్లు.

ఆ పుస్తకంలో ఆయన మొదట చదువుకున్నది యజమాని హక్కులు. ఎవరైనా అలా చదువుతారా? అందుకే చాటున "మేనేజిమెంటు మావ" అని నవ్వుకునేవారు. మొదట్లో నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి? ఒకసారి మొహం మీదే అడిగేశాను. "మావా, మన హక్కులు చదవాలి గానీ వాళ్ళవి నీకెందుకు?" అని. ఆయన పుస్తకం మూసి అన్నాడు. "ఒరే, ఓనరుకి ఏటేటి హక్కులున్నాయో తెలిసినోడికే, ఆడికి ఏది లేదో తెలుస్తాది."

ఆ మాటకి అర్థం గేటు దగ్గర చూశాను. షిఫ్టు దిగి వెళ్ళేటప్పుడు సెక్యూరిటీ వాళ్ళు ఒళ్ళు తడిమి చూస్తారు. అందరూ విసుక్కుంటారు. మావ మాత్రం గార్డు అడక్కముందే రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు. "ఎదకటం ఆల హక్కు. అడిగించుకోకూడదు" అనేవాడు. అలాంటి మనిషి ఒకరోజు గేటుకి అడ్డంగా సైకిలు పెట్టేశాడు! ఖనిజం ఏరే ఆడవాళ్ళు పని ముగించుకుని వస్తున్నారు. ఆడగార్డు సెలవులో ఉందని, మగ గార్డు వాళ్ళ టిఫిన్ సంచులు లాక్కుని, కొంగులు దులపమంటున్నాడు. మావ చెవి మీది బీడీ తీసి జేబులో పెట్టాడు. ఆయనకి కోపం వచ్చిందనడానికి అదే గుర్తు.

"బాబూ, ఎదుకు. నీకు హక్కున్నాది. కాదన్ను" అన్నాడు. "గానీ ఆడమనిషిని ఆడమనిషే ఎదకాల, పక్కన ఇంకో మనిషుండాల. అది రాసినోలు మీ ఓనర్లే. ఆడమనిషిని పిలు. మేం ఇక్కడే కూకుంటాం."

ఆడవాళ్ళందరినీ గేటు లోపల చెట్టునీడన కూర్చోబెట్టి తను వాళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాడు. బయటికి వెళ్ళిపోండని గార్డే చివరికి బతిమాలాడు. మావ ఒప్పుకోలేదు. "ఎదక్కుండా ఎల్తే రేపు మీదే తప్పంటారు" అని ఆడవాళ్ళకి చెప్పాడు. ఆఖరికి ఆఫీసులో టైపు చేసే అమ్మాయి వచ్చి, సిగ్గుపడుతూ, నవ్వుతూ, ఒక్కొక్కరి సంచీ చూసి పంపింది. నేను ఆ రోజు ఈలేశాను. మావ నా వైపు కోపంగా చూశాడు, ఈల వెయ్యడం ఏ రూలు కిందకి వస్తుందో అని ఆలోచిస్తున్నట్టు.

ఇంకోసారి ఒక ఆఫీసరు తన క్వార్టర్సుకి పూలకుండీలు మొయ్యమని మా హెల్పర్లకి చెప్పాడు. మావ వినయంగా అడిగాడు. "అయ్యా, ఇది కంపెనీ పనైతే ఒక్క ముక్క రాసియ్యండి, బేగి మోసీస్తాం." ఆఫీసరు రాసివ్వలేదు. కుండీలు అక్కడే ఉండిపోయాయి. మర్నాడు చూస్తే షిఫ్టు దిగాక మావ వాటికి నీళ్ళు పోస్తున్నాడు. "మొక్కలేటి సేసినాయిరా?" అన్నాడు.

ఇప్పుడు నా సంగతి. ఇది జరిగి పన్నెండేళ్ళయింది.

నేను నాలుగేళ్ళు కాంట్రాక్టు కింద పనిచేసి అప్పటికి ఎనిమిది నెలల కిందటే పర్మినెంటయ్యాను. మా నాన్నకున్నది మెట్ట పొలం, గోగు వేస్తే గోగు, నువ్వులు వేస్తే నువ్వులు, వానపడితే పంట. మా ఇంట్లో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు దేవుడి పటం పక్కన మేకుకి వేలాడేది. డ్యూటీకి వెళ్ళేటప్పుడు మా అమ్మ తీసి మెడలో వేసేది. అదీ ఆ ఉద్యోగం విలువ.

ఫర్నేసు పైన ఎప్పుడూ ఒక మనిషి నిలబడి మంట చూస్తూ ఉండాలి. కిందనుంచి గ్యాసు ఎగదన్నే ముందు మంట రంగు మారుతుంది, అది చూసి కిందవాళ్ళని హెచ్చరించాలి. ఉత్త కళ్ళతో ఆ వెలుగు చూడలేం, చెక్కపిడి ఉన్న నీలం అద్దం అడ్డం పెట్టుకుని చూస్తాం. మా దగ్గర ఒక అలవాటుండేది. అద్దం ఎవరి చేతిలో ఉంటే ఫర్నేసు వాళ్ళది. దిగేవాడు ఎక్కేవాడి చేతికి అద్దం ఇస్తే డ్యూటీ మారిపోయినట్టే. పుస్తకంలో సంతకాలూ అవీ ఏం లేవు. నేను చేరేనాటికే ఆ అలవాటుంది, ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు.

ఆ రోజు విజయనగరంలో సిరిమాను జాతర, పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను ఊరేగుతుంది. నా షిఫ్టు రెండింటికి అయిపోతుంది. రెండింటికి దిగితే బస్సు దొరకదు, దొరికినా జనంలో సిరిమాను తల కూడా కనపడదు. నా కాళ్ళు నిలవడం లేదు. నా తర్వాత ఎక్కాల్సిన రిలీవరు మా బావ, అంటే వరసకి బావ, ఒకే ఊరివాళ్ళం. ఎక్కేవాడు ఎంత దూరంలో ఉన్నాడో చూద్దామని కిందికి దిగాను. రెండింటికి పావుగంట ఉందనగా టైమాఫీసు దగ్గర బావ సైకిలు దిగుతూ కనిపించాడు. అద్దం వాడి చేతిలో పెట్టేశాను! "ఎల్లెల్లు, నానున్నాను" అన్నాడు బావ. టైమాఫీసు గుమస్తా బావ చేతిలో అద్దం చూసి నన్ను హాజరు కార్డు కొట్టనిచ్చాడు. నేను బస్సు అందుకున్నాను. సిరిమాను ఊగుతూ వెళుతుంటే అరటిపళ్ళు విసిరాను, గొంతు పోయేలా అరిచాను.

బావ ఇంకా కార్డు కొట్టలేదు. బట్టలు మార్చుకుని, టీ తాగి, కార్డు కొట్టి పైకెక్కేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లోనే ఫర్నేసు ఎగదన్నింది. ఎర్రటి బొగ్గూ ఖనిజం అంతా పైగట్టు మీద పడి కేబుల్ కాలిపోయింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఫర్నేసు రోజంతా ఆగిపోయింది. మర్నాడు నేను జాతర మత్తులో నవ్వుతూ వెళితే గేటులోనే చార్జిషీటు ఇచ్చారు. రిలీవరు రాకుండా పనిచోటు వదిలిపోయానట, ఉద్యోగంలోంచి ఎందుకు తియ్యకూడదో చెప్పమన్నారు. ఫర్నేసు ఎగదన్నేటప్పటికి కార్డు కొట్టలేదు కాబట్టి బావ డ్యూటీలో లేనట్టే లెక్క. తప్పంతా నాది.

మావ ఇంటికి పరిగెత్తాను. ఆయన గుమ్మంలో కూర్చుని సోడి అంబలి, అదే రాగి జావ, తాగుతున్నాడు. నా చేతిలో ఒక డాక్టరు సర్టిఫికెట్టు ఉంది, మా వీధి ఆర్‌ఎంపీ ఇచ్చింది. ఆ మధ్యాహ్నం నాకు వాంతులయ్యాయని రాయించుకున్నాను. మావ చార్జిషీటు రెండుసార్లు చదివాడు. సర్టిఫికెట్టు ఒక్కసారి చదివాడు.

"నిజంగా వాంతులయినాయేటి?"

"లేదు మావా."

సర్టిఫికెట్టు నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాడు.

"ఓనరుకి పనివోడు నిజం సెప్పాల. మిగతా డ్యూటీలన్నీ దీని తరవాతే" అన్నాడు. "రిలీవరు పైకొచ్చి నీ పక్కన నిలబడ్డాడా?"

"లేదు."

"అయితే తప్పు నీదే. రాసీ. దిగినాను, తప్పేనని రాసీ. ఎంక్వైరీలో నీ పక్కన నాను కూకుంటాను."

నాకు ఎంత కోపం వచ్చిందో! సాయం చెయ్యమని వస్తే ఉరితాడు నా చేతే పేనిస్తున్నాడనిపించింది. బూతులొక్కటే తక్కువ, అన్నీ అన్నాను. ఆయన అంబలి తాగడం పూర్తిచేసి, గిన్నె కడుక్కొచ్చి, కాగితం కలం నా ముందు పెట్టాడు. ఏడుస్తూ రాశాను.

ఎంక్వైరీ నడపడానికి విజయనగరం నుంచి ఒక ప్లీడరుగారు వచ్చారు. అటుపక్క కంపెనీ తరఫున పర్సనల్ ఆఫీసరు. ఇటుపక్క నేను, తోటి కార్మికుడి హోదాలో నా తరఫున మావ. నేను తప్పు ఒప్పుకున్న కాగితం చదివి పర్సనల్ ఆఫీసరు "ఇక విచారించడానికేముందండీ?" అని ఫైలు మూయబోయాడు. మావ చెయ్యెత్తాడు. టైమాఫీసు గుమస్తాని ఒక ప్రశ్న అడగాలన్నాడు.

"బాబూ, రెండు కాకుండానే ఈడ్ని కార్డు కొట్టనిచ్చినావు. ఏటి సూసి?"

గుమస్తా పర్సనల్ ఆఫీసరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆల బావ సేతిలో అద్దం సూసి" అన్నాడు.

"ఈడికేనా, అందరికీ అంతేనా?"

"అందరికీ అంతే. నానొచ్చినకాడ్నుంచీ అంతే."

నాకు లేచి గంతెయ్యాలనిపించింది! కుర్చీ పట్టుకుని ఆపుకున్నాను. కంపెనీ టైమాఫీసే అద్దాన్ని లెక్కలోకి తీసుకుందంటే, తప్పు నా ఒక్కడిదెలా అవుతుంది? ప్లీడరుగారు కూడా కళ్ళజోడు తీశారు. "ఈ అద్దం పద్ధతి ఎవరు పెట్టారు? ఏదైనా ఆర్డరుందా?" అని అడిగారు.

"అలాంటి ఆర్డరేదీ లేదండీ. అసలు ఆ పద్ధతి సంగతే మేనేజిమెంటుకి తెలియదు" అన్నాడు పర్సనల్ ఆఫీసరు. "వీళ్ళు ఇప్పుడు అల్లుకున్న కథ."

అప్పుడు మావ నా పక్క కుర్చీలోంచి లేచాడు. నడిచి వెళ్ళి, ఎదురుగా ఉన్న సాక్షి కుర్చీలో కూర్చున్నాడు.

"రాసుకోండయ్యా. ఆ పద్ధతి ఎట్టింది నాను."

లేచి వెళ్ళి చొక్కా పట్టుకుని లాగాను. నా చెయ్యి విదిలించేశాడు.

"ఎనకటికి రిలీవరు రాకుండా దిగిపోయీవోలు. అలగ దిగకూడదని, పైకొచ్చి నిలబడ్డోడి సేతిలోనే అద్దం ఎట్టాలని నాను కట్టడి సేసినాను. ఆపీసులో అడగలేదు, రాయించలేదు. పని ఎలగ సెయ్యాలో సెప్పే హక్కు ఓనరుది. దాన్ని నాను నా సేతిలోకి తీసుకున్నాను. నా కట్టడి మెట్లు దిగి టైమాపీసుకొచ్చీసిందని తెలిసి కూడా ఊరుకున్నాను. సార్జిహ్యాండుని నాను, పర్నేసు మీద పనోలందరికీ పెద్దని. ఈ గుంటడు నా అలవాటులోనే తప్పు సేసినాడు. సిచ్చ ఎయ్యండి, కాదన్ను. గానీ ఉజ్జోగం తియ్యకండి."

ప్లీడరుగారు రాసుకుంటూనే అడిగారు. "ఇది మీకే ముప్పు తెస్తుంది, తెలుసా?"

"తెలుసండి. సంతకం ఎక్కడెట్టాల?"

నన్ను తియ్యలేదు. నాలుగు రోజులు సస్పెండ్ చేసి, గట్టి హెచ్చరిక రాసి వదిలేశారు. డ్యూటీ మారేటప్పుడు ఫర్నేసు పైనే ఇద్దరూ పుస్తకంలో సంతకం పెట్టాలని కొత్తగా ఆర్డరిచ్చారు. మావకి ఇంకో కాగితం వచ్చింది. అనుమతి లేకుండా పని పద్ధతి మార్చినందుకు చార్జ్‌హ్యాండ్ బాధ్యత తీసేసి, ఫర్నేసు మీదనుంచి ముడిసరుకు యార్డుకి బదిలీ. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. ఫర్నేసు తప్ప ఇంకేదీ ముట్టని మనిషి ఇక వచ్చే వ్యాగన్లు లెక్కపెట్టాలి. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, "చదివి తీసుకున్నాను" అని రాసి, తెలుగులో పూర్తిపేరు సంతకం పెట్టాడట.

నేను సస్పెన్షన్ అయి మధ్యాహ్నం షిఫ్టుకి వచ్చిన రోజే ఆ సంగతి తెలిసింది. ఇక నన్ను ఆపడం ఎవరి తరం? సైకిల్ స్టాండు అరుగెక్కి అరిచాను. పాతిక మందిమి పోగయ్యాం. మావని తిరిగి ఫర్నేసు ఎక్కిస్తే తప్ప లోపలికి వెళ్ళేది లేదన్నాం. చప్పట్లు, ఈలలు. అంతలో సైకిలు నడిపించుకుంటూ మావే వచ్చాడు. ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకుందామని మేం ముందుకెళితే, బీడీ తీసి జేబులో పెట్టేశాడు.

"ఏటిరా ఇది?"

"నీకు అన్యాయం జరిగింది మావా!"

"సోటు మార్చే హక్కు ఆలకున్నాది. మార్చినారు. నోటీసియ్యకుండా పని ఆపే హక్కు మీకున్నాదేటి? లేదు."

"నువ్వు చెప్పకపోతే వాళ్ళకి తెలిసేదే కాదు కదా!"

"ఆలకి తెలీదు. నాకు తెలుసు గదరా" అన్నాడు. తర్వాత గొంతు పెంచి, "పైనున్నోడు రెండింటికి దిగాల. మీరంతా ఇక్కడుంటే ఆడు ఎవడికి అప్పగించి దిగుతాడు?" అన్నాడు.

ఒక్కొక్కడే తల వంచుకుని కార్డు కొట్టుకోడానికి వెళ్ళిపోయాడు. ఆఖరున నేనూ వెళ్ళాను.

తర్వాతి వారం నాది పొద్దుటి షిఫ్టు. దిగాక ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు, తిన్నగా యార్డుకి నడిచాను. నల్లటి ఖనిజం గుట్టల మధ్య, ఎర్రటి ఎండలో, తలకి తువ్వాలు చుట్టుకుని మావ వ్యాగన్ల పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో అట్ట, దాని మీద కాగితం. కనుబొమలు నిండా నల్లటి దుమ్ము. ఏమేమో చెప్పాలని దారంతా కూడబలుక్కుని వెళ్ళాను. దగ్గరికి వెళ్ళేసరికి ఒక్కటీ రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆయన అట్ట మీదనుంచి తలెత్తకుండానే అడిగాడు. "పైకి ఎవడొచ్చినాడు?"

"బావొచ్చాడు మావా."

"ఎక్కినాడా?"

"ఎక్కాడు. నా పక్కన నిలబడి మంట చూశాడు. ఇద్దరం సంతకాలు పెట్టాం. అప్పుడే దిగాను."

ఈసారి తలెత్తి నన్ను చూశాడు. అక్కడున్న ఇనప బెంచీ మీది దుమ్ము తన తువ్వాలుతో దులిపాడు.

"అలగైతే నీ డ్యూటీ అయిపోనాది. కూకో. ఉప్పుడు ఏడువు" అన్నాడు.

కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, పెద్దగా ఏడ్చాను. మావ పక్క వ్యాగన్‌కి వెళ్ళి దాని నంబరు రాసుకున్నాడు. ఆయన షిఫ్టు ఇంకా అయిపోలేదు.